గెలిచినవారికీ దక్కని బ్రెగ్జిట్

సివిల్స్‌కు సిద్ధమవుతూ మీరు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. బ్రెగ్జిట్‌ను, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడాన్ని, వ్యతిరేకించి ఓడిపోయినవారికి కోపం ఉండటం సహజమే గాని, గెలిచినవారు కూడా ఇన్నేళ్ళ తరువాత ఎందుకు మండిపడుతున్నారు, ఇందులో తప్పు ప్రజలదా నాయకులదా, అంత బాధగా ఉంటే మళ్ళీ చేరిపోతే సరిపోదా అని మీరు అడిగారు. నేను రాజనీతి శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లండ్‌లో సరుకు రవాణా సంస్థల దగ్గర ఎగుమతి, దిగుమతి కాగితాలు చూసే పని చేస్తున్నాను కాబట్టి, పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చిన సంగతులు మరుసటి ఉదయం నా బల్ల మీదికి ఏ రూపంలో వస్తాయో చూసిన అనుభవం మాత్రం ఉంది. ఆ చోటు నుంచే సమాధానం చెబుతాను.

2016 జూన్ 23న ఓటర్ల చేతికి ఇచ్చిన కాగితం మీద రెండే గడులు ఉన్నాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశంగా ఉండాలా, వదిలి వెళ్ళాలా అని అడిగారు గాని, వెళితే ఎక్కడికి వెళ్ళాలో అడగలేదు. ఉన్న ఇల్లు ఖాళీ చేద్దామని ఇంట్లో ఎక్కువమంది చేతులెత్తి, ఏ ఇంటికి మారాలో మాట్లాడుకోకుండానే సామాను లారీకి ఎక్కించిన కుటుంబాన్ని ఊహించుకోండి. ఒకరికి ఊరి బయట తోట ఉన్న ఇల్లు కావాలి, మరొకరికి బజారు పక్కన ఇల్లు కావాలి, ఇంకొకరికి ఇల్లు ఏదైనా ఫరవాలేదు గాని పాత ఇంటి యజమాని మొహం చూడకుండా ఉంటే చాలు. అందరూ ఓటు వేసింది ఖాళీ చేయడానికే, అందరూ గెలిచారు, చివరికి దొరికిన ఇల్లు మాత్రం ఏ ఒక్కరూ అనుకున్నది కాదు. గెలిచినవారి కోపానికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

వదిలి వెళ్ళాలన్నవారు 1 కోటి 74 లక్షల మంది, ఉండాలన్నవారు 1 కోటి 61 లక్షల మంది. శాతాల్లో చెప్పాలంటే 51.9, 48.1. ఓటింగు 72 శాతం దాటింది కాబట్టి జనం పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. అయితే ఈ మొత్తాన్ని ప్రాంతాల వారీగా విడదీసి చూస్తే ఒక దేశానికి బదులు నాలుగైదు దేశాలు కనిపిస్తాయి. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండాలన్నారు. లండన్‌లో దాదాపు 60 శాతం అదే మాట అన్నారు. ఇంగ్లండ్ తూర్పున, కూరగాయల పొలాలకు పేరుపడ్డ లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో మాత్రం 75.6 శాతం వెళ్ళిపోదామన్నారు. 2004లో తూర్పు ఐరోపా దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు ఏడాదికి 5,000 నుంచి 13,000 మంది రావచ్చని ప్రభుత్వం చేయించిన అధ్యయనం అంచనా వేస్తే, వచ్చినవారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు దాటిపోయింది. బోస్టన్ వంటి చిన్న ఊళ్ళలో బడులు, ఆసుపత్రులు, అద్దె ఇళ్ళు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. ఆ ఊరివారిని జాత్యహంకారులని ఒక్క మాటతో తీసిపారేయడం లండన్‌లో కూర్చున్నవారికి సులువుగా ఉండేది. అది తప్పని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

మన తెలుగువారికి ఈ కథలో నేరుగా పాత్ర ఉందని చాలామందికి తెలియదు. ఆ రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకు ఓటు హక్కు ఉంది. అంటే భారతదేశపు పాస్‌పోర్టు పట్టుకుని వర్క్ వీసా మీద ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఓటు ఉంది గాని, పదిహేనేళ్ళుగా అదే వీధిలో బేకరీ నడుపుతున్న పోలండ్ పౌరుడికి లేదు. యూనియన్ పౌరులలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వారికి తప్ప మిగతావారికి తమ భవిష్యత్తు మీద తామే మాట చెప్పే అవకాశం దక్కలేదు. నేను అప్పటికి భారతీయ పాస్‌పోర్టుతోనే వెళ్ళి, ఉండాలన్న గడిలో గుర్తు పెట్టి వచ్చాను. నాతోపాటు వచ్చిన మా ఊరి డాక్టరు గారు వెళ్ళిపోవాలన్న గడిలో పెట్టారు. ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు: ఎంబీబీఎస్ చదివి, ఇక్కడి పరీక్షలు రాసి, జీతం పరిమితులు దాటి వచ్చిన తనకు తల్లిని తెచ్చుకోవడానికి వీసా దొరకదు, రుమేనియా నుంచి వచ్చినవారికి మాత్రం ఏ వీసా అక్కర లేదు, ఈ తేడా ఏమిటని ఆయన అడిగేవారు. ఇక్కడి కూరల హోటళ్ళ యజమానులలో కూడా చాలామంది ఇదే ఆశతో అటు మొగ్గారు. యూరప్ తలుపు మూస్తే దక్షిణాసియా వంటవాళ్ళకు తలుపు తెరుచుకుంటుందని ప్రచారంలో వారికి చెప్పారు. తరువాత వీసా రుసుములు, జీతం పరిమితులు చూసి తమను వాడుకుని వదిలేశారని బహిరంగంగానే వాపోయినవారు వారిలో ఉన్నారు.

యూనియన్‌తో బ్రిటన్‌కు అంతకుముందున్న సంబంధం కూడా అంత తియ్యనిదేమీ కాదు. 1963లోనూ 1967లోనూ ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ అడ్డుకోవడంతో చేరలేకపోయి, 1973 జనవరి 1న చేరి, 1975లో ఉండాలా వద్దా అని ఒకసారి జనాన్ని అడిగి 67 శాతం మద్దతు తెచ్చుకున్న దేశమిది. 1984లో ప్రధాని మార్గరెట్ థాచర్ తమ చందాలో కొంత వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు సాధించారు. యూరో కరెన్సీలో చేరలేదు, సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్‌లోనూ చేరలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నాలుగు దశాబ్దాలు గడిపిన సభ్యత్వం అది. ప్రధాని డేవిడ్ కామెరాన్ తన పార్టీలోని గొడవను చల్లార్చడానికి 2013లో రెఫరెండం మాట ఇచ్చి, గెలుస్తానన్న ధీమాతో ఓటింగుకు వెళ్ళి, ఫలితం వచ్చిన రోజునే రాజీనామా ప్రకటించారు. వెళ్ళిపోవాలంటూ ప్రచారం చేసినవారు బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నామని రాసుకుని తిరిగారు. ఆ అంకెలో థాచర్ తెచ్చిన మినహాయింపును తీసివేయలేదని, అది తప్పుదోవ పట్టించేలా ఉందని గణాంకాల సంస్థ అప్పుడే చెప్పినా బస్సు ఆగలేదు.

అసలు విసుగు మొదలైంది ఓటు రోజున కాదు. యూనియన్ ఒడంబడికలోని 50వ అధికరణం ప్రకారం నోటీసు ఇచ్చిన రెండేళ్ళకు సభ్యత్వం ముగియాలి. కామెరాన్ తరువాత ప్రధాని అయిన థెరిసా మే 2017 మార్చి 29న ఆ నోటీసు ఇచ్చారు. ఏ రకమైన బ్రెగ్జిట్ కావాలో దేశంలో ఒక అంగీకారం లేకుండానే గడియారం తిప్పారన్నమాట. ఆపై బలం పెంచుకుందామని అదే ఏడాది జూన్‌లో ముందస్తు ఎన్నికలకు వెళ్ళి, ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండ్‌లోని ఒక చిన్న పార్టీ మద్దతు మీద ఆధారపడవలసి వచ్చింది. అక్కడి నుంచి ఆమె పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్లు తయారైంది. సింగిల్ మార్కెట్ (ఒకే నిబంధనలతో నడిచే ఉమ్మడి బజారు), కస్టమ్స్ యూనియన్ (లోపల సుంకాలు లేకుండా, బయటి సరుకుకు ఒకే సుంకం వేసే ఏర్పాటు) నుంచి పూర్తిగా బయటికి వస్తే, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ యూనియన్‌లోనే ఉండే ఐర్లండ్ గణతంత్రానికీ మధ్య ఎక్కడో ఒకచోట తనిఖీ గేటు పెట్టాలి. దశాబ్దాల హింసకు తెరదించిన 1998 శాంతి ఒప్పందం తరువాత ఆ 500 కిలోమీటర్ల సరిహద్దు మీద గేటు పెట్టడమంటే మానుతున్న గాయాన్ని కెలకడమే. గేటు వద్దంటే యూనియన్ నిబంధనలలో కొన్నిటికి కట్టుబడి ఉండాలి, అలా కట్టుబడితే అది బ్రెగ్జిటే కాదని ఆమె సొంత పార్టీ ఎంపీలే అంటారు.

2019లో మొదటి మూడు నెలలు ఇక్కడ ఉన్నవారు ఎవరూ మరచిపోలేరు. యూనియన్‌తో కుదుర్చుకుని థెరిసా మే తెచ్చిన ఒప్పందం జనవరి 15న పార్లమెంటులో 202కు 432 ఓట్లతో ఓడింది. ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడిన దాఖలా లేదు. మార్చి 12న రెండోసారి, మార్చి 29న మూడోసారి కూడా ఓడింది. ఈ మధ్యలో ప్రభుత్వాన్ని పక్కన పెట్టి ఎంపీలే దారి వెతుకుతామని మార్చి 27న ఎనిమిది ప్రతిపాదనల మీద ఓటు వేశారు. ఒప్పందం లేకుండా వెళ్ళడం వద్దన్నారు, కస్టమ్స్ యూనియన్ వద్దన్నారు, మళ్ళీ ప్రజలను అడగడం వద్దన్నారు, నోటీసు వెనక్కి తీసుకోవడమూ వద్దన్నారు. ఎనిమిదిలో ఒక్కటి కూడా నెగ్గలేదు. ఏప్రిల్ 1న మరోసారి ప్రయత్నిస్తే కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడంటే మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ రాత్రి మా ఆఫీసులో ఆలస్యంగా పని చేస్తున్న ఒక ఇంగ్లీషు సహోద్యోగి, వెళ్ళిపోవాలని ఓటు వేసినవాడు, టీవీ కట్టేసి, "వీళ్ళకు ఏది వద్దో తెలిసింది, ఇంకేం కావాలి" అని కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

వీధుల్లోనూ ఇదే స్థితి ఉండేది. మార్చి 23న మళ్ళీ ఓటు పెట్టాలంటూ లండన్ వీధుల్లో భారీ ఊరేగింపు జరిగితే, సరిగ్గా గడువు రోజైన మార్చి 29న, వెళ్ళిపోవలసిన రోజున ఎందుకు వెళ్ళలేదంటూ సండర్‌ల్యాండ్ నుంచి నడిచి వచ్చినవారు పార్లమెంటు ముందు చేరారు. నోటీసును రద్దు చేయాలన్న ఆన్‌లైన్ విజ్ఞాపన మీద 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. యూనియన్‌ను వదిలేయవలసిన దేశం మే నెలలో అదే యూనియన్ పార్లమెంటుకు ఎన్నికలు జరుపుకోవలసి వచ్చింది. ఆ ఎన్నికల్లో కొద్ది నెలల క్రితమే పుట్టిన బ్రెగ్జిట్ పార్టీ 29 స్థానాలతో మొదటి స్థానంలో నిలిస్తే, అధికారంలో ఉన్న కన్సర్వేటివ్ పార్టీ 10 శాతం ఓట్లు కూడా దాటక ఐదో స్థానానికి పడిపోయింది. విసుగు కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడదు.

ఈ కాలంలో జరిగిన ఒక చిన్న సంగతి నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. గడువు అక్టోబరు 31కి మారాక ఆ తేదీతో 50 పెన్నీల స్మారక నాణేలు ముద్రించడం మొదలుపెట్టారు. గడువు మళ్ళీ మారింది. దాదాపు పది లక్షల నాణేలను కరిగించి, 2020 జనవరి 31 తేదీతో కొత్తవి పోతపోయవలసి వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెతకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం ఏ భాషలోనూ దొరకదనుకుంటాను.

థెరిసా మే తరువాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ గెలుపును కూడా ఈ వెలుగులోనే చూడాలి. పార్లమెంటును ఐదు వారాలు మూసివేయాలన్న ఆయన సలహా చెల్లదని సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తులు 2019 సెప్టెంబరు 24న ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చినా, డిసెంబరు 12 ఎన్నికల్లో ఆయన 80 స్థానాల మెజారిటీతో నెగ్గారు. బ్రెగ్జిట్ పని ముగిద్దామన్న ఒక్క నినాదం ఆయనను గెలిపించింది. అందులో ఎలా ముగిద్దామన్నది లేదు. అయినా మూడున్నరేళ్ళుగా ప్రతి రాత్రి వార్తల్లో అదే గొడవ విన్న జనానికి ముగింపు అన్న మాటే మందులా పనిచేసింది. ఉండాలని ఓటు వేసినవారిలో కూడా, పోనీ, ఏదో ఒకటి తేలిపోతే చాలు అన్నవారిని నేను ఎందరినో చూశాను.

తేలిపోయిందా అంటే, నా బల్ల మీద మాత్రం అప్పుడే మొదలైంది. వాణిజ్య ఒప్పందం 2020 డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందురోజు కుదిరింది. 2020 జనవరి 31న సభ్యత్వం ముగిసినా పాత నిబంధనలే కొనసాగిన పరివర్తన కాలం ఆ డిసెంబరు 31తో ముగిసింది. మధ్యలో మాకు మిగిలింది వారం రోజులు, అందులో రెండు సెలవులు. సుంకాలు లేని ఒప్పందం అని మంత్రులు చెప్పినప్పుడు జనం విన్నది అడ్డంకులు లేని వ్యాపారం అని. ఆ రెండిటి మధ్య ఉన్న తేడా కాగితం మీద తప్ప కనబడదు కాబట్టి, ఆ కాగితాన్నే దగ్గరగా చూపిస్తాను.

డబ్లిన్‌లో ఒక భారతీయ కిరాణా దుకాణదారు మా ద్వారా ఏళ్ళ తరబడి సరుకు తెప్పించుకునేవారు. 2020 వరకు ఆయన ఇంగ్లండ్‌లోని టోకు వ్యాపారికి ఫోన్ చేసి, పప్పులు, అప్పడాలు, పచ్చళ్ళు, నెయ్యి కలిపి రెండు పాలెట్లు (సరుకు పేర్చి పంపే చెక్క పలకలు) పంపమంటే సాయంత్రానికి లారీ ఎక్కి మర్నాటికి చేరేవి. మా దగ్గర ఆ సరుకుకు ఒక్క డెలివరీ చీటీ తప్ప వేరే కాగితం ఉండేది కాదు. 2021 జనవరి నుంచి అదే సరుకుకు బ్రిటన్ వైపు ఎగుమతి డిక్లరేషన్, ఐర్లండ్ వైపు దిగుమతి డిక్లరేషన్ కావాలి. ప్రతి వస్తువుకు కోడ్ నంబరు రాయాలి, అది ఏ దేశంలో తయారైందో రాయాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. భారతదేశంలో తయారై ఇంగ్లండ్ గోదాములో స్టిక్కరు మార్చుకున్న పచ్చడి సీసా బ్రిటిష్ వస్తువు కాదు. సుంకాలు లేవన్న మినహాయింపు బ్రిటన్‌లో తయారైనవాటికే కాబట్టి, సుంకం వర్తించే సరుకైతే ఇంగ్లండ్‌లో దిగినప్పుడు ఒకసారి, డబ్లిన్‌లో దిగినప్పుడు మరోసారి కట్టాలి. ఇక నెయ్యి పాల పదార్థం కాబట్టి, పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం దానితో వెళ్ళాలి. ఆ సంతకం, ముద్ర రెండూ అచ్చు రంగుకు భిన్నమైన రంగు సిరాతో ఉండాలి. చెక్క పాలెట్లు వేడి చేసి పురుగు చంపినవని ముద్ర ఉన్నవే కావాలి. నల్ల సిరాతో సంతకం పెట్టిన ఒక ధ్రువపత్రం కారణంగా నెయ్యి పాలెట్ మాత్రమే గాక, అదే లారీలో ఉన్న మరో పదకొండు మంది సరుకు కూడా రేవులో రెండు రోజులు ఆగిన సంఘటన నాకు బాగా గుర్తుంది. ఆ తప్పు మా వైపు ఉన్నవారిదే. ఎవరిదైనా, ఆ పన్నెండు మందికీ నేనే ఫోన్ చేసి చెప్పవలసి వచ్చింది.

ఆ దుకాణదారు ఇప్పుడు ఎక్కువ సరుకును నేరుగా భారతదేశం నుంచీ నెదర్లాండ్స్ నుంచీ తెప్పించుకుంటున్నారు. ఇంగ్లండ్‌లోని ఆ టోకు వ్యాపారికి యూరప్ బేరం దాదాపు పోయింది. విచిత్రమేమిటంటే ఆ వ్యాపారి వెళ్ళిపోవాలని ఓటు వేసినవారే, ఇప్పటికీ అది తప్పని అనరు. "నేను ఓటు వేసింది బ్రస్సెల్స్‌లో కూర్చున్న యూనియన్ పెత్తనం పోవాలని, పశువైద్యుడి సంతకాల కోసం కాదు" అంటారు. ఆయనను నేను తప్పు పట్టలేను, బ్యాలెట్ కాగితం మీద పశువైద్యుడి మాట నిజంగానే లేదు.

ఇదే వారాల్లో స్కాట్లండ్ నుంచి బతికున్న ఎండ్రకాయలు, చేపలు పంపే వ్యాపారులు సరుకు కుళ్ళిపోతుంటే లారీలు తెచ్చి లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాల ముందు నిలబెట్టారు. నెదర్లాండ్స్ రేవులో కస్టమ్స్ అధికారులు ఒక డ్రైవరు తన కోసం తెచ్చుకున్న హ్యామ్ శాండ్‌విచ్‌ను తీసుకుంటుంటే, పోనీ రొట్టె అయినా ఉంచుకోవచ్చా అని అతడు అడిగిన వీడియోను దేశమంతా చూసింది. నవ్వినవారు నవ్వారు. మా వృత్తిలో ఉన్నవారికి మాత్రం అంతకంటే ఎక్కువ మంట పుట్టించిన విషయం మరొకటి ఉంది. యూనియన్ తన వైపు తనిఖీలను 2021 జనవరి 1నే మొదలుపెట్టింది. బ్రిటన్ మాత్రం యూరప్ నుంచి వచ్చే ఆహార పదార్థాల మీద తనిఖీలను ఐదుసార్లు వాయిదా వేసి, ధ్రువపత్రాలను 2024 జనవరి చివరి నుంచి, సరుకును విప్పి చూడటాన్ని ఏప్రిల్ చివరి నుంచి అమలు చేసింది. అంటే మూడేళ్ళ పాటు ఫ్రాన్స్ చీజ్ వ్యాపారి మామూలుగా సరుకు పంపుకోగలిగాడు గాని, ఇంగ్లండ్ చీజ్ వ్యాపారి ప్రతి పెట్టెకు డబ్బు కట్టి సంతకం తెచ్చుకోవలసి వచ్చింది. సరిహద్దులను మన అదుపులోకి తెచ్చుకుందాం అన్న నినాదంతో గెలిచిన ప్రభుత్వం చేసిన పని ఇది.

మత్స్యకారుల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. తమ సముద్రం మీద తమకే పూర్తి హక్కు వస్తుందని వారు నమ్మారు. వచ్చింది మాత్రం యూనియన్ పడవల వాటాలో నాలుగోవంతు, అదీ 2026 వరకు దఫదఫాలుగా. 2025లో కుదిరిన ఏర్పాటుతో యూరప్ పడవలు 2038 వరకు వస్తూనే ఉంటాయి. ఉత్తర ఐర్లండ్‌లో సరిహద్దు గేటు భూమి మీద లేకుండా సముద్రం మీదికి, అంటే ఆ ప్రాంతానికీ మిగతా బ్రిటన్‌కూ మధ్యకు మారింది. దానికి నిరసనగా అక్కడి ప్రధాన యూనియనిస్టు (బ్రిటన్‌లోనే కలిసి ఉండాలనే) పార్టీ 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం నుంచి తప్పుకుంటే, 2023లో ఆ తనిఖీలను తగ్గించే విండ్సర్ ఒప్పందం కుదిరినా, 2024 ఫిబ్రవరి వరకు ఆ ప్రాంతానికి పూర్తి అధికారాలున్న మంత్రివర్గమే లేదు.

వలసల విషయంలో గెలిచినవారికి తగిలిన దెబ్బ అన్నిటికంటే లోతైనది. 2021 జనవరి నుంచి యూరప్ వారికి స్వేచ్ఛగా వచ్చే హక్కు పోయి, ఉద్యోగం, జీతం, ఇంగ్లీషు వంటివాటికి పాయింట్లు వేసి వీసా ఇచ్చే ఒకే పద్ధతి అందరికీ వచ్చింది. ఆ ఏడాది జూలైలో చదువు ముగిశాక రెండేళ్ళు ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా తెరుచుకుంది. 2022లో వృద్ధుల సంరక్షణ పనికి కూడా వీసాలు ఇచ్చారు. ఫలితంగా 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస (వచ్చినవారిలోంచి వెళ్ళినవారిని తీసేస్తే మిగిలే సంఖ్య) 9 లక్షలు దాటింది. రెఫరెండం నాటికి జనం మండిపడిన అంకె 3 లక్షల పైచిలుకు మాత్రమే. హైదరాబాదు, గుంటూరు, వరంగల్ నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చిన మన పిల్లలు ఈ ద్వారం గుండానే వచ్చారు. వారు చట్టం ప్రకారం, లక్షల రూపాయల ఫీజు కట్టి వచ్చారు. అయితే వలస తగ్గాలని ఓటు వేసిన బోస్టన్ ఓటరుకు ఆ అంకె ఎలా వినిపించి ఉంటుందో కూడా మనం అర్థం చేసుకోవాలి. ఆ కోపం తరువాత ఎవరి మీదికి తిరిగిందో మనవాళ్ళకు అనుభవంలోకి వచ్చింది: 2024 జనవరి నుంచి మాస్టర్స్ విద్యార్థులలో అత్యధికులకు భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు పోయింది. మా డాక్టరు గారికి తల్లి వీసా ఇప్పటికీ రాలేదు.

ఓడినవారి కోపం గురించి మీరు అడగలేదు గాని రెండు మాటలు చెప్పాలి. 2014లో స్కాట్లండ్ స్వాతంత్ర్యం మీద ఓటు జరిగినప్పుడు, యూనియన్‌లో ఉండాలంటే బ్రిటన్‌లో ఉండాలని వారికి చెప్పారు. రెండేళ్ళకే, 62 శాతం మంది వద్దంటున్నా, బ్రిటన్‌తోపాటు బయటికి నడవవలసి వచ్చింది. ఆ 2014 ఓటులో పదహారేళ్ళ పిల్లలకు హక్కు ఉంది, 2016లో లేదు. ఆనాడు పదహారు, పదిహేడేళ్ళ వయసున్నవారు ఇప్పుడు సర్వేలలో సమాధానం చెప్పే వయసుకు వచ్చారు. బయటికి రావడం పొరపాటేనని సగానికి పైగా జనం చెబుతున్నారంటే, మనసు మార్చుకున్నవారితోపాటు ఇలా కొత్తగా ఓటర్లయినవారు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఆర్థిక నష్టం ఎంత అన్నది తేల్చడం కష్టం, ఎందుకంటే కోవిడ్, యుక్రెయిన్ యుద్ధం రెండూ అదే కాలంలో వచ్చిపడ్డాయి. అయినా ప్రభుత్వ బడ్జెట్ అంచనాలను స్వతంత్రంగా పరిశీలించే సంస్థ, యూనియన్‌లో ఉండి ఉంటే సాధించగలిగిన ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందన్న అంచనాతోనే లెక్కలు వేస్తూ వచ్చింది.

తప్పు ఎవరిదన్న మీ ప్రశ్నకు నా జవాబు మొహమాటం లేకుండా చెబుతాను. అడిగిన ప్రశ్నకు ప్రజలు జవాబు చెప్పారు. సగం ప్రశ్న మాత్రమే అడిగి, మిగతా సగానికి జవాబు తమకు తెలుసునని నటించినవారిది తప్పు. వెళ్ళిపోదామన్న నాయకులు యూనియన్‌తో మన సంబంధం నార్వేలా ఉంటుంది, స్విట్జర్లండ్‌లా ఉంటుంది, కెనడాలా ఉంటుంది అని తలా ఒక దేశం పేరు చెప్పారు. ఉండిపోదామన్న నాయకులు యూనియన్ వల్ల కలిగిన మేలు చెప్పకుండా, వెళితే మునిగిపోతామని భయపెట్టడంతో సరిపెట్టారు.

మళ్ళీ చేరడం మీరు అనుకున్నంత సులువు కాదు. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడానికి 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది. డి గాల్ కాలంలో రెండుసార్లు జరిగింది అదే. థాచర్ తెచ్చిన మినహాయింపు, యూరో వద్దన్న మినహాయింపు మళ్ళీ ఇస్తారన్న హామీ ఏమీ లేదు. 2024లో అధికారంలోకి వచ్చిన కీర్ స్టార్మర్ కూడా సింగిల్ మార్కెట్‌లోకి గాని, కస్టమ్స్ యూనియన్‌లోకి గాని, స్వేచ్ఛా రాకపోకలలోకి గాని తిరిగి వెళ్ళబోమని ముందే గీతలు గీసుకున్నారు. బ్రెగ్జిట్ మాట ఎత్తితే ఓడినవారూ గెలిచినవారూ కలిసి కసురుకునే దేశంలో ఏ నాయకుడైనా ఆ తేనెతుట్టెను కదపడానికి వెనకాడతాడు. అందుకే పెద్ద మాటలు మానేసి చిన్న చిన్న కిటికీలు తెరుస్తున్నారు. పరిశోధన నిధుల పథకంలో 2024 నుంచి మళ్ళీ చేరారు. 2025 మే 19న లండన్‌లో జరిగిన సమావేశంలో ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే ఒప్పందం కుదుర్చుకోవాలని నిర్ణయించారు. అది అమలైతే నెయ్యికి పశువైద్యుడి సంతకం అక్కరలేకుండా పోవచ్చు, అందుకు బదులుగా ఆహారం విషయంలో యూనియన్ మార్చే నిబంధనలను బ్రిటన్ పాటించాలి, ఆ నిబంధనల మీద ఓటు మాత్రం ఉండదు.

ఈ వార్త వచ్చిన రోజున డబ్లిన్ దుకాణదారు నాకు ఫోన్ చేసి, మళ్ళీ పాత పద్ధతిలో పంపడం ఎప్పటి నుంచని అడిగారు. ప్రస్తుతానికి నీలం సిరా కలం దగ్గర ఉంచుకోమని పశువైద్యుడికి చెప్పానని అన్నాను.